సారీకి తెలుగేంది మేడం?

నేను ఇంగ్లీషు చెప్పి బతకబట్టి పద్దెనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఏ ఆఫీసరూ నా నోరు మూయించలేకపోయాడు. ఆ ఘనకార్యం పరుపులు కుట్టే మాబు సాబ్ చేశాడు. అదీ ఏ పెద్ద మాటతోనో కాదు, 'సారీ'తో! పలక పట్టిన పిల్లకు కూడా వచ్చే మాట. దానికి తెలుగేమిటో చెప్పలేక మూడు రోజులు నేను పడిన అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా పేరు పద్మప్రియ. పుట్టింది కణేకల్‌లో. మూడేళ్ళ కిందట రాప్తాడు దగ్గర ఈ ఊరి హైస్కూలుకు బదిలీ అయి వచ్చి, మాబు సాబ్ ఇంటి ముందు గదిలో అద్దెకు దిగాను. వెనక రెండు గదుల్లో ఆయన, ఆయన భార్య హలీమాబీ. మధ్యలో గోడ ఉందన్న మాటే గాని, వాళ్ళు చెప్పుకునేది నాకు, నేను ఫోన్లో మా అమ్మతో పోట్లాడేది వాళ్ళకు స్పష్టంగా వినపడుతుంది.

మాబు సాబ్‌కు అరవై రెండేళ్ళు. తాత ముత్తాతలు దూది ఏకినవాళ్ళు. ఏకే పని ఇప్పుడు మిషన్ చేస్తోంది, కుట్టే పని మాత్రం ఈయనదే. ఊరు సగం ఫోము పరుపుల మీదికి మారిపోయింది. "అది పరుపు గాదు మేడం, బన్ను," అంటాడు, కోపం కూడా లేకుండా. ఇంతా చేసి తాను పడుకునేది ఈతచాప మీద. ఇదేం చోద్యమని అడిగితే, "దూదంటే నాకు పని. పని మింద పండుకుంటే నిద్రెట్లొస్తాది?" అన్నాడు. కుట్టేటప్పుడు పెదాల మధ్య సూది పెట్టుకొని పంటి సందుల్లోంచి మాట్లాడతాడు. వద్దని ఎన్నోసార్లు అరిచాను. వినే రకం కాదు.

ఆయనకొక జబ్బుంది. చెవిన పడిన ప్రతి ఇంగ్లీషు మాటకూ అర్థం అడగడం. 'అప్‌డేట్' అంటే ఏంది, 'నెట్‌వర్క్' అంటే ఏంది, బస్సు మీద 'స్పెషల్' అని రాస్తారే, దాంట్లో ఏం ఉండాది స్పెషలు? నేను ఏదో ఒకటి చెప్తే రెండు మూడు సార్లు నోట్లో తిప్పుకొని, నచ్చకపోతే "ఇది సరిగ్గా కూసోలేదు మేడం" అని తిరిగి ఇచ్చేస్తాడు, కొలత చాలని దిండు గలీబును తిరగ్గొట్టినట్టు.

ఆయన స్నేహితుడు బయ్యన్న. ఈడు ఒకటే. ఎనిమిదెకరాల రైతు, చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. నలభై ఏళ్ళుగా రోజూ పొద్దున ఏడింటికి వచ్చి మా అరుగు మీద కూర్చుంటాడు. హలీమాబీ ఇచ్చిన టీ తాగి, చక్కెర తక్కువైందని ఆమెను సాధిస్తాడు. తర్వాత వాళ్ళిద్దరూ ఒకర్నొకరు తిట్టుకుంటారు. ఆ తిట్లు మొదలైతే నాకు స్కూలుకు వేళయిందని అర్థం. గడియారం చూసుకునే పనే ఉండేది కాదు.

అలాంటి మనిషి రావడం మానేశాడు. ఎందుకు మానేశాడో చెప్పాలంటే పీర్ల పండగ సంగతి చెప్పాలి.

ఊళ్ళో పీర్ల చావిడిని చూసుకునే ముజావర్ మాబు సాబే. వాళ్ళ నాయన తర్వాత ఆ బాధ్యత ఈయన మీద పడింది. పండగ పది రోజుల్లో ఏడో రోజు చక్కెర చదివింపులు. ఆ ఇల్లు ఈ ఇల్లు అని లేదు, హిందువులైనా ముస్లిములైనా బెల్లమో చక్కెరో బొరుగులో పళ్ళెంలో పెట్టుకొని వస్తారు. పళ్ళెం తెచ్చినవాళ్ళు తమ ఇంట్లో పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పాలి. మాబు సాబ్ కళ్ళు మూసుకొని, ఆ పేరు అందుకొని, దాని మీద దువా చదువుతాడు. పేరు చెప్పే పని వాళ్ళది, చదివే పని ఈయనది. వాళ్ళు ఆగితే ఈయనా ఆగాలి.

ఆరోజు నేనక్కడే ఉన్నాను. హలీమాబీకి పళ్ళేలు అందిస్తున్నాను. ఎండ మాడిపోతోంది. బయ్యన్న వంతు వచ్చేసరికి ఆయన వెనక ఇంకా ముప్పై మంది ఉన్నారు. బయ్యన్న వాళ్ళ నాయన పేరు చెప్పాడు. మాబు సాబ్ చదివాడు. అమ్మ పేరు, గంగాదేవి అని చెప్పాడు. చదివాడు. ఆ తర్వాత బయ్యన్న ఆగిపోయాడు. అయిపోయిందా అంటే పళ్ళెం వెనక్కి తీసుకోలేదు. అలాగే నిలబడ్డాడు. మాబు సాబ్ కళ్ళు మూసుకొని ఎదురు చూస్తున్నాడు. గడ్డం మీదినుంచి చెమట కారుతోంది. వెనక జనం తోసుకుంటున్నారు. ఆ తొందరలో, ఎదుటివాడు చెప్పకముందే, మాబు సాబ్ నోట్లోంచి ఒక పేరు వచ్చేసింది.

"బయ్యన్న."

బతికున్న మనిషి పేరు! పోయినవాళ్ళ వరసలో! ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉండగా!

బయ్యన్న భార్య సుబ్బలక్ష్మమ్మ "అయ్యో, నా తల్లీ!" అని పెట్టిన కేక చావిడంతా వినపడింది. మాబు సాబ్ కళ్ళు తెరిచాడు. ఏం చేశాడో అప్పుడు తెలిసింది ఆయనకు. బయ్యన్న పళ్ళెం ఎత్తుకొని ఇంటికి పోయాడు. మా ఊళ్ళో చదివింపుకు వచ్చిన పళ్ళెం అట్లా వెనక్కి పోవడం ఎవరూ చూడలేదట.

సాయంత్రం బయ్యన్న కొడుకు రాఘవేంద్ర మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఆ అబ్బాయికి. "మామా, మా నాయన నోట్లో మెతుకు పెట్టడం ల్యా. నువ్వొచ్చి ఒక సారీ చెప్పేయ్. అయిపోతాది," అన్నాడు. ఆ పిల్లవాడి లెక్కలో అది చిటికెలో పని.

మాబు సాబ్ మరునాడు తెల్లారీ తెల్లారకముందే పోయి, వాకిట్లో నిలబడి "సారీ బయ్యన్నా" అన్నాడట. లోపల్నుంచి బయ్యన్న, "బస్సులో కాలు తొక్కితే చెప్పే మాటరా అది. మావోడు దినానికి పది మార్లు చెప్తాంటాడు. పో," అన్నాడట.

మాబు సాబ్ తిన్నగా నా గుమ్మం దగ్గరికి వచ్చాడు. నేను చెప్పులు వేసుకుంటున్నాను.

"సారీకి తెలుగేంది మేడం?"

"క్షమించండి," అన్నాను, హాజరుకు బదులు చెప్పినంత తేలిగ్గా.

"అండీనా? నలభై ఏండ్లు ఒరేయ్ అని పిల్చినోన్ని అండీ అంటే ఇంగా దూరం పెట్టినెట్ల గాదా?"

"అయితే 'క్షమించు' అనండి."

రెండు సార్లు నోట్లో తిప్పుకున్నాడు. "క్షమించు... క్షమించు... ఇది ఆయనకు పని జెప్పినెట్ల ఉండాది మేడం. తప్పు నాది. పని ఆయనకా?"

నాకు స్కూలుకు టైమవుతోంది. "సాయంత్రం చెప్తాను," అని తప్పించుకున్నాను.

స్టాఫ్ రూములో సోషల్ మాస్టారు ఓబిలేష్‌ను అడిగాను. "దాందేముంది మేడం, చింతిస్తున్నాను అనమనండి. మర్యాదగా ఉంటుంది," అన్నాడు. లైబ్రరీ బీరువాలోంచి లావాటి డిక్షనరీ తీయించాను. తీయించకుండా ఉంటే బాగుండేది. విచారం అని ఉంది, పశ్చాత్తాపం అని ఉంది, జాలి అని ఉంది, హీనమైన స్థితి అని కూడా ఉంది. చచ్చినవాళ్ళ ఇంటికి పోయి చెప్పడానికీ అదే మాట, బస్సులో కాలు తొక్కినందుకూ అదే మాట. పద్దెనిమిదేళ్ళుగా నేను పిల్లల చేత రోజుకు వంద సార్లు చెప్పించే మాట ఇన్ని రకాలుగా ఉందని నాకే తెలియదు. తల దిమ్మెక్కిపోయింది.

సాయంత్రం అన్నీ మాబు సాబ్ ముందు పోశాను. పరుపు కుట్టడం ఆపి విన్నాడు.

"చింతిస్తున్నాం అనేది గుంతకల్లు స్టేషన్లో చెప్తారు గదా, బండి లేటైతే? ఆ మాట చెప్పినోళ్ళు ఎవురన్నా బాధపడేది నువ్వు చూసినావా?"

"లేదు."

"సచ్చినోళ్ళ ఇంట్లోనూ అదే మాట, కాలు తొక్కినా అదే మాట. ఏం మేడం, ఆ ఇంగ్లీషోళ్ళకు మాటల కరువొచ్చిందా?"

లోపల్నుంచి హలీమాబీ అందుకుంది. "ఎందుకప్పా ఇంత తన్లాట? మాఫ్ చెయ్ అను. మన పెద్దోళ్ళు అనేది అదే." ఆ మాట ఆయనకు కొంచెం నచ్చింది. అంగడి దగ్గర కూర్చున్న వాళ్ళ మీద ప్రయోగించి చూద్దామని పోయాడు. మాఫీ అనే మాట నోట్లోంచి రాగానే నలుగురూ లేచి నిలబడ్డారట. ఎప్పుడు చేస్తాండారు, ఎంత దాకా చేస్తాండారు, లిస్టు యాడ పెట్టినారు అని! ఆ పంట రుణాల వాళ్ళ నుంచి బయటపడి ఇంటికి వచ్చేసరికి మనిషికి ముఖం లేదు.

రాత్రి ఫోన్లో మా అమ్మను అడిగాను. కణేకల్‌లో సగం మాటలు కన్నడం. "తప్పైపోయింది అనమను. మన పక్క అదే అంటాం గదా," అంది. "తప్పైపోయిందా?" అన్నాను నేను గట్టిగా. గోడ అవతలి నుంచి మాబు సాబ్ గొంతు వినపడింది. "తప్పు అయిపోయేది గాదమ్మా, నేను జేసింది! తప్పైపోయింది అంటే అదేదో దానంతట అదే అయినెట్ల ఉండాది. నా నోరు యాడ పోయిందప్పుడు?"

"అయితే 'తప్పు చేసినా' అనండి!" అని గోడ వైపు తిరిగి అరిచాను.

"అది గొర్రెను దొంగిలిచ్చినోడు పంచాయితీలో జెప్పే మాట."

"'ఏమనుకోవద్దు' అనండి!"

"అనుకునేసినాడు గదా మేడం!"

నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. "ఏదో ఒకటి చెప్పి తగలడండి! మాట కోసం ఇంత రాద్ధాంతమా? మీ చాదస్తానికి నా ప్రాణం తీస్తున్నారు!" అనేశాను. గోడ అవతల ఈతచాప పరుచుకున్న చప్పుడైంది. అరవై రెండేళ్ళ మనిషిని, నాకు జ్వరమొస్తే రాప్తాడు దాకా నడిచిపోయి మందులు తెచ్చిన మనిషిని అట్లా అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. పొద్దున లేచి ఆయనకు సారీ చెప్పాలని పోయాను. గుమ్మం దాటాను. ఏమని చెప్పాలి? ఆయన కాదన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చివరికి, "టీ అయిందా?" అన్నాను. "అయింది, రా," అన్నాడు. ఇద్దరం తాగాం. అంతే.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం సుబ్బలక్ష్మమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "మూడు దినాలాయె, గోడ పక్కకు తిరిగి పండుకునుండాడు. నీళ్ళు తప్ప ఏమీ తాగేది ల్యా. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు. రేపు మధ్యాన్నం పీర్లు కదిలే లోపల నోరు గడిగితే సరే. లేకుంటే ఏమైతాదో నాకు తెల్దు. బతికినోన్ని సంపినావు గదన్నా," అంది. మాబు సాబ్ తల వంచుకొని విన్నాడు. ఆమె పోయాక, పెదాల మధ్య సూది ఉందన్న సంగతి కూడా మరిచిపోయి చేత్తో నోరు తుడుచుకోబోయాడు. హలీమాబీ పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

మా ఊళ్ళో నమ్మకం, పీర్లు చావిడి వదిలే లోపల ఊరి మనుషుల మధ్య కోపాలు తీరిపోవాలి. తీరకపోతే ఏడాదంతా అట్లాగే ఉంటాయంటారు. ఏడాది దాకా బయ్యన్న ఉంటాడా అన్నది మాబు సాబ్ భయం. పైకి అనలేదు గాని, ఆ మూడు రోజుల్లో ఆయన ఒక్క పరుపూ పూర్తి చేయలేదు.

పదో రోజు స్కూలుకు సెలవు. పొద్దున పదింటికి మాబు సాబ్ తెల్ల లుంగీ కట్టుకొని నా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అన్ని మాటలూ తీసుకపోతా మేడం. ఏది తగిలితే అది. నువ్వు గూడా రా. నేను మర్సిపోతే అందియ్యి."

పరీక్షలో చీటీలు అందించేవాళ్ళను నేను ఎంతమందిని పట్టుకున్నానో! అలాంటిది నేనే ఆ పనికి బయల్దేరాను.

బయ్యన్న లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. నిజంగానే సగమైపోయాడు. మాబు సాబ్ మంచం కాళ్ళ దగ్గర నిలబడి, చేతులు కట్టుకొని, ఊపిరి పీల్చుకొని మొదలుపెట్టాడు.

"బయ్యన్నా, సారీ. క్షమించు. మాఫ్ చెయ్. తప్పైంది. తప్పు జేసినా. ఏమనుకోవద్దు. ఇంగా..." నా వైపు చూశాడు.

"చింతిస్తున్నాను," అన్నాను.

"ఆ, చింతిస్తాండా."

బయ్యన్న ఇటు తిరిగాడు. "ఏందిరా అది, సంతలో కూరగాయలు పిల్చినెట్ల?"

ఆ రోజు వాకిట్లో నిలబడినవాణ్ణి 'పో' అన్న తర్వాత ఆయన మాట్లాడిన మొదటి మాట అది. సుబ్బలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాబు సాబ్‌కు ధైర్యం వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"నీకేం గాదురా. నేను పేరు సదివితే మనిషి పోయేటట్లుంటే ఈ ఊర్లో ఎంతమందినో సదివుందును."

"సావుకు ఎవుడు భయపడినాడు? నా పేరు సదివితే సదువుకో, నాకేం?" బయ్యన్న లేచి కూర్చున్నాడు. "ఇంగ రవ్వంత సేపు ఆగింటే నేను చెప్తాంటి గదరా."

"ఏం చెప్తాంటివి?"

"పేరు."

"ఎవుని పేరు?"

బయ్యన్న ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మాబు సాబ్ ముఖం మెల్లగా మారిపోవడం నేను చూశాను. ఆయనకు అర్థమైంది. నాకు కాలేదు. మూడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను, బయ్యన్నకు ఒక అన్న ఉండేవాడని నాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత బయ్యన్నే చెప్పాడు, మా ఎవరి వైపూ చూడకుండా.

"ఆయప్ప బోరుకు నలభై అడుగుల దూరంలో నేను బోరేసినా. వద్దురా అన్న్యాడు. ఇన్లేదు. నాకు నీళ్ళు పడినాయి. నెల తిరక్కముందే ఆయప్పది ఎండిపాయె. నూటిరవై చీనీ చెట్లు మేడం. కాపు కొచ్చిన చెట్లు. వాటిని ఒక్కొక్కటే నరుకుతాంటే, ఈ పక్క నేను మోటరేసుకొని నా చెట్లకు నీళ్ళు గట్టుకుంటాంటి. ఒక్క మాట అన్లేదు నన్ను. తిట్టింటే బాగుండు. తాడిపత్రికి పోయి బండల పాలిష్ పనికి జేరినాడు. పదకొండేండ్లు. మొన్న మాఘమాసంలో పోయినాడు. పోయి దూరంగా నిలబడి వచ్చినా. ఈ పదకొండేండ్లు ఆ పేరు నా నోట్లోకి రాలే. ఆపొద్దు పళ్ళెం పట్టుకొని, ఈడ చెప్తే సాలని వచ్చినా. గొంతు దాకా వచ్చుండె. నువ్వు దాని మింద నా పేరు పెట్టేసినావు."

మాబు సాబ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆయన తెచ్చిన మాటలన్నీ ఎందుకూ కొరగాకుండా పోయాయి. అవి తన కోసం తెచ్చుకున్నవి. ఇక్కడ కావలసింది వేరే మనిషికి.

బయ్యన్న నా వైపు తిరిగాడు. "మేడం, నువ్వు సదువుకున్నెదానివి. సచ్చిపోయినోనికి సారీ చెప్పల్లంటే ఏమనల్ల?"

నాకు తెలియదు. నిజంగా తెలియదు. ఏ భాషలోనూ తెలియదు. "తెలీదు బయ్యన్నా," అని చెప్పాను, నాకు ఏడుపొచ్చేసింది.

చావిడి వైపు నుంచి తప్పెట్లు మొదలయ్యాయి. పీర్లు ఎత్తే వేళ. ముజావర్ లేకుండా ఎత్తరు. ఎవరో వీధిలోంచి "మాబు సాబూ! ఓ మాబు సాబూ!" అని పిలుస్తున్నారు. మాబు సాబ్ లేచి బయటికి పోతాడనుకున్నాను. ఆయన సుబ్బలక్ష్మమ్మతో, "మ్మా, రవ్వంత బెల్లం తే," అన్నాడు.

ఆమె డబ్బా మూతలోనే బెల్లం ముక్క పెట్టుకొని వచ్చింది. మాబు సాబ్ నేల మీద కూర్చొని, తలకు తువ్వాలు చుట్టుకొని, కళ్ళు మూసుకున్నాడు. బయ్యన్న మంచం దిగి ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ళ నాయన పేరు చెప్పాడు. మాబు సాబ్ చదివాడు. అమ్మ పేరు చెప్పాడు. చదివాడు.

మళ్ళీ ఆగిపోయాడు బయ్యన్న.

వీధిలో కేకలు పెరిగాయి. తలుపు తట్టారు. నాకు ఆ పేరు తెలియదు, తెలిసి ఉంటే నేనే చెప్పేసేదాన్నేమో, ఆ మౌనాన్ని అంతసేపు భరించలేకపోయాను. మాబు సాబ్ మాత్రం కదల్లేదు. పెదాలు బిగబట్టుకొని, కళ్ళు మూసుకొని కూర్చున్నాడు.

"మాయన్న," అన్నాడు బయ్యన్న చాలాసేపటికి.

మాబు సాబ్ చదవలేదు. "పేరు," అన్నాడు.

బయ్యన్న దవడలు రెండు సార్లు కదిలాయి. "నాగేశ్వర," అన్నాడు. అని, నేల మీద రెండు చేతులూ ఆనించి, మళ్ళీ "నాగేశ్వర" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఒక్క పేరుకు ఒక్కసారే చదవాలి. బయట పీర్లు ఆగి ఉన్నాయి, ఊరంతా ఎండలో నిలబడి ఉంది. బయ్యన్న ఎన్నిసార్లు అన్నాడో మాబు సాబ్ అన్నిసార్లూ చదివాడు.